వలందపాలెం నుండి మంచు తీరం దాకా

బందరులో పుట్టి పెరిగిన వారికి వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అనే పేర్లు చిన్ననాటి నుండి నోట నానినవే. వలందులంటే హాలెండు దేశస్థులు. పరాసులంటే ఫ్రెంచివారు. ఒకప్పుడు ఓడలెక్కి వచ్చి, ఇక్కడ కోఠీలు కట్టుకొని, మన అద్దకపు బట్టలు కొనుక్కొని పోయిన వారి గుర్తులుగా ఈ పేర్లు మిగిలిపోయాయి. పేర్లతో పాటు సమాధులు కూడా మిగిలాయి. బందరులోని డచ్చి వారి పాత శ్మశానంలో పెద్ద పెద్ద రాతి పలకల మీద వంశ చిహ్నాలు, పేర్లు నేటికీ కనబడతాయి. ఇంత దూరం వచ్చి, ఈ ఉప్పు గాలిలో, ఈ ఉక్కపోతలో కన్ను మూసిన మనుషులు వీరు.

ఈ సమాధులకు తోబుట్టువుల వంటి సమాధులు భూగోళపు కొసన, ఉత్తర ధ్రువానికి దగ్గరగా, మంచు తీరంలో ఉన్నాయని చాలామందికి తెలియదు. వాటిలో పడుకున్న వారిలోనూ హాలెండు నావికులే ఎక్కువ. అసలు ఆ మంచులోకి వారి వాళ్లను మొదట లాగినది మన వైపు సరుకుల మీది ఆశే.

పదహారవ శతాబ్దంలో తూర్పు దేశాలకు వచ్చే సముద్ర మార్గం పోర్చుగీసు వారి చేతిలో ఉండేది. ఆఫ్రికా ఖండాన్ని చుట్టి రావాలంటే వారితో తలపడక తప్పదు. అందుచేత ఇంగ్లీషువారు, హాలెండువారు వేరొక దారి ఆలోచించారు. నార్వేకు పైగా, రష్యా ఉత్తర తీరం వెంబడి ఓడ నడుపుకొంటూ పోతే చైనాకు, అక్కడి నుండి ఇండియా దేశాలకు దిగవచ్చునన్నది వారి లెక్క. పటం మీద చూస్తే లెక్క సరిగానే ఉంది. దారిలో సముద్రం గడ్డకడుతుందన్న సంగతి వారికి తెలియకపోలేదు గాని, ఎంత గడ్డకడుతుందో తెలియదు.

1553లో సర్ హ్యూ విలోబీ అనే ఇంగ్లీషు నాయకుడు ఈ దారి పట్టాడు. కోలా ద్వీపకల్పపు తీరంలో చలికాలం వారిని పట్టుకుంది. మరుసటి ఏడు రష్యా జాలరులు రెండు ఓడలను చూచారు. వాటిలో ప్రాణంతో ఉన్నవారు ఒక్కరూ లేరు.

హాలెండుకు చెందిన విల్లెమ్ బారెంట్స్ మూడుసార్లు ప్రయత్నించాడు. మూడవ ప్రయాణంలో, 1596 జూన్ నెలలో, ఎవరూ పటంలో గీయని ఒక దీవి అతనికి కనబడింది. కోసుగా ఉన్న కొండలు చూచి దానికి స్పిట్స్‌బెర్గెన్ అని పేరు పెట్టారు. నార్వేకు, ఉత్తర ధ్రువానికి నడిమధ్య ఉన్న ఆ దీవుల సముదాయాన్నే ఇప్పుడు స్వాల్‌బార్డ్ అంటున్నారు. అక్కడి నుండి తూర్పుగా పోయి నొవాయా జెమ్ల్యా తీరంలో ఓడ మంచులో ఇరుక్కుపోయింది. పదిహేడు మంది మనుషులు. చెట్టన్నది మొలవని నేల. అయితే సైబీరియా నదులు కొట్టుకొని తెచ్చి ఒడ్డున పడవేసిన దుంగలు ఉన్నాయి. ఆ దుంగలతో, ఓడ చెక్కలతో ఒక ఇల్లు కట్టుకొని చలికాలమంతా అందులో గడిపారు. వలలో పడిన నక్కలను తిన్నారు. ఆ తాజా మాంసమే వారిలో చాలామందిని స్కర్వీ జబ్బు నుండి కొంతవరకు కాపాడింది. వేసవి రాగానే ఓడను వదిలేసి, రెండు చిన్న పడవలలో తిరుగు ప్రయాణం కట్టారు. 1597 జూన్ 20న బారెంట్స్ దారిలోనే చనిపోయాడు. పన్నెండు మంది ఇల్లు చేరారు.

వారు కట్టిన ఇల్లు 1871 వరకు ఎవరి కంటా పడలేదు. ఆ సంవత్సరం ఒక నార్వే నావికుడు అక్కడికి చేరేసరికి గడియారం, రాగి పాత్రలు, పుస్తకాలు రెండువందల డెబ్బై నాలుగు సంవత్సరాల నాటివి మంచులో అలాగే ఉన్నాయి. మన తీరంలో అయితే అందులో పదోవంతు కాలం కూడా నిలవవు! మంచు చెడు చేసినంత మేలు కూడా చేస్తుంది.

బారెంట్స్ చనిపోయిన ఆ 1597లోనే మరొక హాలెండు ఓడల బృందం ఆఫ్రికాను చుట్టి జావా దాకా వెళ్లి తిరిగి వచ్చింది. దానితో మంచు దారి మాట వెనుకబడింది. 1602లో డచ్చి ఈస్టిండియా కంపెనీ ఏర్పడింది. 1605 నాటికి వారు బందరులో ఉన్నారు. 1611లో ఇంగ్లీషు కంపెనీ వారి గ్లోబ్ అనే ఓడ నిజాంపట్నం రేవుకు, బందరుకు వచ్చింది. అంటే నొవాయా జెమ్ల్యా మంచులో ఇల్లు కట్టుకొన్న ఏడాదికి, వలందపాలెం కథ మొదలైన ఏడాదికి మధ్య పదేళ్లు కూడా లేవు.

మరి స్పిట్స్‌బెర్గెన్ ఏమైంది? అక్కడ సుగంధ ద్రవ్యాలు లేకపోయినా తిమింగలాలు ఉన్నాయి. తిమింగలపు కొవ్వు కాచి తీసిన నూనె యూరపులో దీపాలకు, సబ్బుకు పనికివచ్చేది. 1619లో హాలెండువారు ఒడ్డున ఒక మకాం వేశారు. దానికి స్మేరెన్‌బుర్గ్, అంటే కొవ్వు పట్టణం అని పేరు. పెద్ద పెద్ద రాగి కాగుల్లో రాత్రింబగళ్లు కొవ్వు కాచేవారు. రాత్రింబగళ్లు అన్నాను గాని, అక్కడ వేసవిలో రాత్రే ఉండదు. ఆ ఊరిలో వేలాదిమంది ఉండేవారనీ, అంగళ్లు, దేవాలయం కూడా ఉండేవనీ తరువాత కథలు పుట్టాయి. 1979 మొదలుకొని హాలెండు పురావస్తు శాస్త్రజ్ఞులు అక్కడ త్రవ్వి చూస్తే తేలినదేమంటే, ఎంత రద్దీ కాలంలోనైనా మహా అయితే రెండువందల మంది. పట్టణం కాదు, పని మకాం.

వేసవి అయిపోగానే అందరూ వెళ్లిపోయేవారు. కాగులు దొంగల పాలు కాకుండా కాపలాకు 1633లో ఏడుగురిని ఉంచారు. వారు చలికాలం దాటి బ్రతికారు. ఆ ధైర్యంతో మరుసటి ఏడు ఇంకొక ఏడుగురిని ఉంచారు. వారికి తాజా మాంసం దొరకలేదు. నవంబరులోనే స్కర్వీ మొదలైంది. చిగుళ్లు వాచి, పళ్లు కదిలి, కాళ్లలో సత్తువ పోయి, మనిషి మంచానికి అతుక్కుపోయే జబ్బు అది. వారు రాసుకొన్న దినచర్య 1635 ఫిబ్రవరి 26తో ఆగిపోయింది. వేసవిలో ఓడలు వచ్చేసరికి ఏడుగురూ శవాలే. మన పెరటిలో రాలిపోయే నిమ్మకాయలు ఒక బస్తా ఉంటే ఆ ఏడుగురూ బ్రతికేవారే. కాని సి విటమిను అనేది ఒకటుందని తెలియడానికి ఇంకా మూడు శతాబ్దాలు పట్టింది.

స్మేరెన్‌బుర్గ్ దగ్గరలోనే ఒక కొన ఉంది. దాని పేరు లీక్‌నేసెట్, అనగా శవాల కొన. అక్కడ తిమింగలాల వేటగాళ్ల సమాధులు రెండువందలకు పైగా ఉన్నాయి. నేల గడ్డకట్టి ఉండడం వలన ఉన్ని టోపీలు, మేజోళ్లు, పెట్టెల చెక్కలు కూడా చెక్కు చెదరలేదు. ఆ ఎముకలలో స్కర్వీ చేసిన గాయాలను, బరువులు మోసి అరిగిన కీళ్లను శాస్త్రజ్ఞులు చదివారు. చిన్న వయసు కుర్రవాళ్లు, ముప్పై దాటని వారు ఎందరో. ఏ పుస్తకంలోనూ పేర్లు లేని కూలి మనుషుల చరిత్ర అది. ఇప్పుడు ఆ నేల కరుగుతున్నది. ఒడ్డు విరిగి, పెట్టెలు బయటపడి సముద్రంలోకి జారిపోతున్నాయి. మూడున్నర శతాబ్దాలు నిలిచిన ఉన్ని బట్ట ఒకసారి నేల కరిగిందంటే కొద్ది సంవత్సరాలలోనే కుళ్లిపోతుంది.

స్వాల్‌బార్డ్‌లో ఆదివాసులు ఎవరూ లేరు. అంతమాత్రాన ఉత్తర తీరమంతా నిర్మానుష్యం అనుకోరాదు. స్కాండినేవియా ఉత్తరాన సామీ ప్రజలు, రష్యా తీరంలో నేనెత్సు ప్రజలు రెయిన్‌డీర్లను మేపుకొంటూ ఎన్నో తరాలుగా బ్రతుకుతున్నారు. గ్రీన్‌లాండుకు దాదాపు నాలుగువేల అయిదువందల ఏళ్ల క్రితమే మనుషులు చేరారు. నేటి ఇన్యూయిట్ ప్రజల పూర్వికులు వారి తరువాత వచ్చినవారు. యూరపు వారు ఆకలితో చచ్చిన చోటనే వీరు సీలును వేటాడి, దాని మాంసం పచ్చిగా తిని, పిల్లాపాపలతో నిక్షేపంగా ఉన్నారు.

గ్రీన్‌లాండులో ఒక విచిత్రమైన కథ ఉంది. పదవ శతాబ్దపు చివర ఐస్లాండు నుండి కొందరు నార్సు జాతి రైతులు అక్కడికి వెళ్లి, పశువులను పెంచుకొంటూ, దేవాలయాలు కట్టుకొని నాలుగువందల ఏళ్లు ఉన్నారు. ఆ తరువాత ఏమయ్యారో తెలియదు. వారిని గూర్చి దొరికిన చివరి వ్రాత ఒక పెళ్లి కబురు. 1408 సెప్టెంబరులో హ్వాల్సే దేవాలయంలో ఒక జంటకు వివాహం జరిగినట్లు ఐస్లాండులో నమోదయింది. ఆ దేవాలయపు రాతి గోడలు నేటికీ నిలిచి ఉన్నాయి. ఆ మనుషులు మాత్రం లేరు.

ఆ మరచిపోయిన క్రైస్తవుల సంతతి ఇంకా ఉండవచ్చునని తలచి, హాన్స్ ఎగెడే అనే నార్వే పాదిరిగారు భార్యాబిడ్డలతో 1721లో గ్రీన్‌లాండు చేరారు. వెదకిన వారు దొరకలేదు. ఇన్యూయిట్ ప్రజలు కనబడ్డారు. వారి మధ్యనే ఉండి, వారి భాష నేర్చుకొన్నారు. రొట్టె అంటే ఎరుగని వారికి దిన ఆహారం కోసం చేసే ప్రార్థన ఎలా నేర్పాలో తోచక, రొట్టెకు బదులు సీలు అన్నారని చెప్పుకొంటారు. 1733లో మశూచి వచ్చి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయినప్పుడు ఆయన భార్య గెర్ట్రూడ్ రాస్క్ రోగులను ఇంట్లో పెట్టుకొని సేవ చేసింది. 1735లో ఆమె అక్కడే చనిపోయింది.

ఇక్కడ మనకు దగ్గరి సంగతి ఒకటి. ఎగెడేకు అండగా నిలిచిన డెన్మార్కు రాజు నాలుగవ ఫ్రెడరిక్, 1706లో తరంగంబాడి చేరిన జీగెన్‌బాల్గును పంపిన రాజు ఒక్కరే. 1714లో కోపెన్‌హేగెనులో ఆయన నెలకొల్పిన మిషను సంఘమే అటు గ్రీన్‌లాండు పనినీ, ఇటు తరంగంబాడి పనినీ చూచేది. ఆ తరంగంబాడి మిషనుకు 1719లో వచ్చిన బెంజమిన్ షుల్జ్ తరువాత మద్రాసు చేరి, తెలుగు నేర్చుకొని, బైబిలును తెలుగులోకి తర్జుమా చేశారు. అది అచ్చుకు నోచుకోలేదు. ఒకే బల్ల మీద ఒకవైపు గ్రీన్‌లాండు ఉత్తరం, మరొకవైపు తెలుగు దేశపు ఉత్తరం చదివిన గుమాస్తా ఎవరో ఉండి ఉంటాడు. ఆయనకు ఏది ఎక్కువ వింతగా తోచిందో!

ఇక శాస్త్ర పరిశోధన మాటకు వద్దాం. పందొమ్మిదవ శతాబ్దంలో ధ్రువానికి ఎవరు ముందు చేరతారన్న పోటీ పెరిగిపోయింది. కార్ల్ వైప్రెక్ట్ అనే ఆస్ట్రియా నావికాధికారికి ఈ పోటీ నచ్చలేదు. జెండా పాతి రావడం వలన తెలిసేదేమీ లేదు, అనేక దేశాలవారు ఒకే ఏడాది, ఒకే పద్ధతిలో గాలి, చలి, అయస్కాంత శక్తి కొలిస్తేనే ప్రయోజనమన్నాడు. ఆయన 1881లో చనిపోయాడు గాని, ఆయన మాట నెగ్గింది. 1882–83లో మొదటి అంతర్జాతీయ ధ్రువ సంవత్సరం జరిగింది. నా మట్టుకు ధ్రువాన్ని మొదట తొక్కినవాడి కంటె ఈ మనిషే గొప్పవాడు.

స్వాల్‌బార్డ్‌లో నీ-ఓలెసుండ్ అనే చిన్న ఊరుంది. మొదట అది బొగ్గు గని. 1962 నవంబరు 5న గనిలో ప్రేలుడు జరిగి 21 మంది చనిపోయారు. మరుసటి ఏడు గని మూసేశారు. గని కార్మికుల ఇళ్లలోకి క్రమంగా శాస్త్రజ్ఞులు వచ్చారు. నేడు అనేక దేశాల పరిశోధనా కేంద్రాలు అక్కడ ఉన్నాయి. వాటిలో మనదొకటి. 2007 ఆగస్టులో అయిదుగురు భారత శాస్త్రజ్ఞులు మొదటిసారి వెళ్లారు. 2008 జూలై 1న ‘హిమాద్రి’ కేంద్రం ప్రారంభమైంది. ధ్రువానికి అది సుమారు 1,200 కిలోమీటర్ల దూరం. విజయవాడ నుండి ఒక రోజు రైలు ప్రయాణమంత అన్నమాట.

అక్కడి బ్రతుకు మనకు వింతగా ఉంటుంది. అన్ని దేశాలవారికీ ఒకటే భోజనశాల. ఊరు దాటి అడుగు పెడితే తెల్ల ఎలుగుబంటి భయం వలన తుపాకి వెంట ఉండాలి. తరుముకొస్తే ఎవరైనా ఏ ఇంట్లోకైనా దూరగలిగేలా తలుపులకు తాళాలు వేయరు. రేడియో పరికరాలకు అడ్డు రాకుండా సెల్‌ఫోను, వైఫై వాడరాదు. అక్టోబరు చివరి నుండి ఫిబ్రవరి మధ్య వరకు సూర్యుడు ఉదయించడు. ఆ చీకటిలో కూడా మనవారు ఉండి పని చేయడం 2023 డిసెంబరులో మొదలైంది. ఒకనాడు ఏడుగురు చనిపోయిన దీవుల్లోనే, అదే చీకటి కాలంలో!

హిమాద్రి ఎదురుగా ఉన్న సముద్రపు పాయను కాంగ్స్ ఫ్యోర్డ్ అంటారు. 2014 జూలైలో మనవారు అందులో ‘ఇండార్క్’ అనే పరికరాల గొలుసును దించారు. గోవాలోని ధ్రువ పరిశోధనా కేంద్రం, చెన్నైలోని సముద్ర సాంకేతిక సంస్థతో పాటు మన హైదరాబాదులోని ఇన్‌కాయిస్ కూడా ఆ పనిలో చెయ్యి వేసింది. నిజాంపట్నం, బందరు, నాగాయలంక జాలరులకు అలల హెచ్చరికలు, చేపలు దొరికే చోట్ల సమాచారం పంపే సంస్థ అదే. నీటి అడుగున 192 మీటర్ల లోతున లంగరు వేసిన ఆ గొలుసు నీటి వేడిని, ఉప్పదనాన్ని, ప్రవాహాన్ని కొలుస్తుంది. ఒకప్పుడు చలికాలంలో ఆ పాయ చాలాభాగం గడ్డకట్టేది. 2006 తరువాత అట్లాంటికు నుండి వచ్చే వెచ్చని నీరు పెరిగి, గడ్డకట్టడం బాగా తగ్గింది. గత నలభై ఏళ్లలో ఉత్తర ధ్రువ ప్రాంతం మిగతా భూగోళం కంటె దాదాపు నాలుగు రెట్లు త్వరగా వేడెక్కిందని 2022లో శాస్త్రజ్ఞులు లెక్క తేల్చారు.

అక్కడ మంచు కరిగితే మనకేమి అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. గ్లాసులో తేలే మంచుముక్క కరిగినా నీరు పొంగిపొర్లదు. అలాగే సముద్రం మీద తేలే మంచు కరిగినంత మాత్రాన నీటిమట్టం పెరగదు. గట్టు మీద ఉన్న మంచు సంగతి వేరు. గ్రీన్‌లాండు నేల మీద ఉన్న మంచంతా కరిగితే సముద్రం ఏడు మీటర్ల పైగా పెరుగుతుంది. అది శతాబ్దాల మీద, అంతకంటె ఎక్కువ కాలం మీద జరిగే పని. కాని కరుగుట మొదలైంది. 1900 నుండి ఇప్పటివరకు ప్రపంచ సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. సముద్రపు నీరు వేడెక్కి వ్యాకోచించడం, కొండల మీది మంచు, అంటార్కిటికా మంచు, గ్రీన్‌లాండు మంచు అన్నీ కలిస్తే అంత.

ఇందులో ఒక చమత్కారం ఉంది. గ్రీన్‌లాండు మంచు ఎంత బరువంటే, తన ఆకర్షణతో చుట్టూ ఉన్న సముద్రాన్ని తన వైపు లాక్కొని ఉంచుతుంది. మంచు తరిగితే ఆ పట్టు సడలి, నీరు దూరంగా జారిపోతుంది. అందుచేత గ్రీన్‌లాండు ఒడ్డున సముద్రం తగ్గుతుంది. ఆ నీరు దూరాన ఉన్న తీరాల మీదికి వచ్చి చేరుతుంది. మంచు ఎవరిదో, నీరు ఎవరికో!

మన తీరం ఎలాంటిదో కృష్ణా జిల్లావారికి చెప్పనవసరం లేదు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో బందరు, చుట్టుప్రక్కల ముప్పైవేల మంది చనిపోయారని అంచనా. 1977 నవంబరు 19న దివిసీమలో అయిదారు మీటర్ల ఎత్తున అల వచ్చింది. సుమారు పదివేల ప్రాణాలు పోయాయి. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ వైపు పెద్దలలో ఆ రాత్రి తలచుకొంటే నేటికీ మాట పెగలని వారున్నారు. ఉప్పెన ఎత్తును నిర్ణయించేది గాలి, ఒడ్డు వాలు, ఆటుపోట్లు. సముద్రమట్టం ఒక జానెడు పెరిగితే అదే గాలికి అల ఇంకొంచెం లోపలికి, ఇంకొక ఊరి దాకా వస్తుంది. పైగా డెల్టా అనేది నది తెచ్చిన ఒండ్రుతో కట్టిన నేల. ఆ ఒండ్రు ఇప్పుడు శ్రీశైలం, నాగార్జునసాగరు జలాశయాల్లోనే ఆగిపోతున్నది. కొత్త మట్టి రాక కృష్ణ ముఖద్వారం దగ్గర కొన్నిచోట్ల ఒడ్డు కోసుకుపోతున్నదని ఉపగ్రహ చిత్రాలు పోల్చి చూచినవారు చెప్పారు. గ్రీన్‌లాండు మంచును మనం ఆపలేము గాని, ఈ రెండవ సంగతి మాత్రం మన చేతుల్లో జరిగినదే. ప్రాజెక్టుల నీళ్లు త్రాగుతూ వాటిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. లెక్కలో ఇది కూడా ఉందని చెప్పడమే.

వానల మాట కూడా ఉంది. ధ్రువ సముద్రంలో, ముఖ్యంగా రష్యాకు పైనున్న కారా సముద్రంలో వేసవి మంచు బాగా తగ్గిన సంవత్సరాలకూ, మధ్య భారతదేశంలో సెప్టెంబరు నెలలో కురిసే అతి వర్షాలకూ సంబంధం కనబడుతున్నదని మన ధ్రువ పరిశోధనా కేంద్రం వారు 2021లో వెల్లడించారు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, ప్రకాశం బ్యారేజీ వద్ద వరద 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, దానికి కారణం ధ్రువపు మంచే అనడానికి ఆధారం లేదు. అది బంగాళాఖాతపు వాయుగుండం. అయితే సెప్టెంబరు వాన ఏ ఏడాది ముంచుతుందో నెల ముందుగా పసిగట్టాలంటే కొలవవలసిన చోట్లలో కారా సముద్రం కూడా ఒకటి కావచ్చునన్నది వారి మాట. బారెంట్స్ ఇల్లు కట్టుకొన్న నొవాయా జెమ్ల్యా ఆ సముద్రపు అంచునే ఉంది.

స్వాల్‌బార్డ్‌లో మన సొత్తు ఇంకొకటి ఉన్నది. అక్కడ కొండను తొలిచి కట్టిన ప్రపంచ విత్తనాల భాండారం 2008 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. యుద్ధాలు వచ్చినా, ఉప్పెనలు వచ్చినా పంటల విత్తనాలు నశించకుండా గడ్డకట్టిన కొండలో దాచే చోటు అది. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వారు జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ రకాలు లక్షకు పైగా నమూనాలు అక్కడికి పంపారు. మన తాతలు చేలలో ఏరి, కుండలలో బూడిద కలిపి దాచుకొన్న రకాల వంటివి ఇప్పుడు వెండి రంగు సంచులలో, సున్నాకు దిగువ 18 డిగ్రీల చలిలో ఉన్నాయి. ఆ సంచులు దాచిన దీవిలోనే, ఉత్తరంగా, శవాల కొన దగ్గర ఒడ్డు కోసుకుపోతున్నది.